మన్యానికి రాజ్యాంగం – 6: కలం ఎవరి చేతిలో?

జరిగిన కథ: 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండసీమను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించింది. కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా చేసి సర్వాధికారాలూ అతని చేతికిచ్చింది. 1874 నాటి షెడ్యూల్డ్ జిల్లాల చట్టం ఆ ఏర్పాటునే కొనసాగించింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండవాళ్ల భూమి మైదానపువాళ్ల చేతికి పోకూడదని 1917లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. ఆ చట్టం ఉన్నా అప్పులు ఆగలేదు, అడవి ఆంక్షలు ఆగలేదు, రోడ్ల పనిలో వెట్టి ఆగలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డ అల్లూరి సీతారామరాజు దళం రెండేళ్లపాటు మన్యాన్ని అట్టుడికించింది. ఇక చదవండి.

215లో ఒకటి

1946 డిసెంబరు 9న ఢిల్లీలో రాజ్యాంగసభ కొలువుదీరింది. అందులో కూర్చున్న తెలుగువాళ్లు తక్కువవాళ్లేం కాదు. టంగుటూరి ప్రకాశం, పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా, దుర్గాబాయి, నీలం సంజీవరెడ్డి ఉన్నారు. ఆ తర్వాత ఏర్పడ్డ ముసాయిదా సంఘంలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అంతటి న్యాయకోవిదుడున్నారు. విశాఖ మన్యం నుంచి మాత్రం ఒక్క గిరిజనుడూ లేడు.

ఎందుకు లేడో చూడాలంటే లెక్క వెనక్కి తిప్పాలి. రాజ్యాంగసభ సభ్యులను ఎన్నుకున్నవి రాష్ట్రాల శాసనసభలు. మద్రాసు శాసనసభలో సీట్లు 215. 1935 చట్టం ప్రకారం అందులో ‘వెనకబడిన ప్రాంతాలు, తెగల’ కోసం కేటాయించింది ఒకే ఒక్క సీటు. దేశం మొత్తమ్మీద అలాంటివి 24. పైగా అప్పట్లో ఓటు హక్కు రావాలంటే ఆస్తో, పన్నో, చదువో ఉండాలి. పోడు కొట్టుకుని సామలూ చోళ్లూ పండించుకునే బగతకు, కొండదొరకు, పోర్జాకు, గదబకు ఆ మూడింటిలో ఏది ఉంటుంది? అరకు, పాడేరు కొండల్లో ఉన్నవాళ్లను ఎలా పాలించాలో తేల్చే సభకు మనిషిని పంపడంలో ఆ కొండలవాళ్ల పాత్ర దాదాపు సున్నా.

సభ చేతికి వచ్చిన పాత చట్రం ఎలాంటిదో కూడా గుర్తు చేసుకుందాం. 1935 భారత ప్రభుత్వ చట్టం గిరిజన ప్రాంతాలను రెండు రకాలుగా విడగొట్టింది. కొన్ని పూర్తిగా ‘మినహాయించిన ప్రాంతాలు’. అక్కడ మంత్రుల ప్రమేయం లేదు, అంతా గవర్నరు ఇష్టం. మిగిలినవి ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు’. 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు కోరాపుట్ వైపు కొండలు అటు పోయాయి. మద్రాసుకు మిగిలిన విశాఖ ఏజెన్సీ, తూర్పు గోదావరి ఏజెన్సీ ఈ రెండో జాబితాలో చేరాయి. అక్కడ మంత్రులు పాలించవచ్చు. కానీ శాసనసభ చేసిన ఏ చట్టమైనా సరే, గవర్నరు ప్రకటన జారీ చేస్తే తప్ప కొండ ఎక్కదు. ఈ సంగతి పాఠకులు గట్టిగా గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగిన చర్చంతా దీని చుట్టూనే తిరిగింది.

హాకీ కెప్టెన్ మాట

డిసెంబరు 13న నెహ్రూ లక్ష్యాల తీర్మానం ప్రవేశపెట్టారు. 19న దాని మీద మాట్లాడటానికి ఛోటానాగపూర్ నుంచి వచ్చిన జైపాల్ సింగ్ ముండా లేచారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన భారత హాకీ జట్టుకు కెప్టెన్ ఆయన. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, ఐసీఎస్ శిక్షణను మధ్యలో వదిలేశారు. 1939 నాటికి ఆదివాసీ మహాసభ అధ్యక్షుడయ్యారు.

తాను అడవి మనిషినని, అలా పిలిపించుకోవడం తనకు గర్వమేనని మొదలుపెట్టారాయన. ఈ దేశానికి మొదటి నుంచీ ఉన్నవాళ్లం మేము, మీలో చాలామంది తర్వాత వచ్చినవాళ్లే అన్నారు. గిరిజనులకు ప్రజాస్వామ్యం నేర్పాలని ఎవరూ ఆరాటపడక్కర్లేదని, వాళ్ల దగ్గరే మిగతావాళ్లు నేర్చుకోవాల్సింది ఉందని సభకు ఎదురుగానే చెప్పారు. మరో చురక కూడా వేశారు. మావాళ్లకు కావలసింది ప్రత్యేక రక్షణలు కావు, మంత్రుల బారినుంచి రక్షణ అని. సభలో నవ్వు పుట్టించే మాటే గానీ, మూడేళ్ల తర్వాత, గిరిజన ప్రాంతాల పాలన ఎలా ఉండాలో చెప్పే ఐదో షెడ్యూలు దగ్గర తేలని పేచీ సరిగ్గా అదే.

అదే తీర్మానం మీద మాట్లాడిన ఎన్.జి. రంగా అసలైన అల్పసంఖ్యాకులు ఎవరని సభను నిలదీశారు. గిరిజనుల ఆచారం ప్రకారం వాళ్ల భూమి చేతులు మారకూడదు. అయినా మన వర్తకులు అక్కడికి వెళ్లి, స్వేచ్ఛా వ్యాపారం పేరుతో ఆ భూములు లాక్కున్నారని, తరతరాల కట్టుబానిసలను చేశారని నిడుబ్రోలు రైతునాయకుడు కుండబద్దలు కొట్టారు. ఆయన ఏ కొండ పేరూ చెప్పలేదు. కానీ విశాఖ ఏజెన్సీ గొత్తి తెలిసినవాళ్లకు ఆ మాట వేరే చోటి సంగతిలా అనిపించదు. పెళ్లికో చావుకో సావుకారి దగ్గర కొద్దిపాటి సొమ్ము తీసుకోవడం, అది తీరేదాకా అతని ఇంట్లో, పొలంలో చాకిరీ చేయడం గొత్తి. వడ్డీ లెక్క సావుకారిది కాబట్టి అది తీరేది కాదు, కొడుకు తల మీదికి వచ్చేది.

రెండు ఉపసంఘాలు

1947 జనవరి 24న సర్దార్ పటేల్ అధ్యక్షుడిగా ఒక సలహా సంఘం ఏర్పడింది. ప్రాథమిక హక్కులు, అల్పసంఖ్యాకులు, గిరిజన ప్రాంతాలు దాని పరిధి. గిరిజన ప్రాంతాల కోసం అందులోంచి వేర్వేరు ఉపసంఘాలు పుట్టాయి. అస్సాం కొండలను చూసే ఉపసంఘానికి గోపీనాథ్ బర్దోలోయ్ అధ్యక్షులు. అస్సాం కాకుండా మిగతా దేశానికి, అంటే మన మన్యానికి కూడా, ఎ.వి. ఠక్కర్ అధ్యక్షులు. అందరూ ఠక్కర్ బాపా అని పిలిచే ఆ పెద్దాయనకు అప్పటికి 77 ఏళ్లు. ఇంజినీరు ఉద్యోగం మానేసి గాంధీ మార్గంలోకి వచ్చారు. 1922 నుంచి గుజరాత్ భిల్లుల మధ్య సేవా మండలి నడిపారు. జైపాల్ సింగ్ కూడా ఆయన ఉపసంఘంలో సభ్యుడే.

బయట పెద్ద వాదమే నడుస్తోంది అప్పటికి. గిరిజనులను బయటి లోకం పాడుచేయకుండా కొంతకాలం అలా ఉండనివ్వాలన్నది వెరియర్ ఎల్విన్ పక్షం. వాళ్లు వెనకబడిన హిందువులే, విడిగా ఉంచడం తెల్లవాళ్ల ఎత్తుగడ అన్నది బొంబాయి సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే పక్షం. ఠక్కర్ బాపా మొగ్గు రెండో వైపే. వేరుగా ఉంచడం ఆయనకు గిట్టదు. కానీ భిల్లుల పల్లెల్లో పాతికేళ్లు తిరిగిన మనిషికి సావుకారి సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. తలుపులన్నీ బార్లా తెరిస్తే ముందు లోపలికి వచ్చేది బడి కాదు, అప్పు పత్రం అని తెలుసు.

అందుకే ఉపసంఘం సిఫార్సుల్లో రెండు పాయలు కనిపిస్తాయి. ఒకటి కలపడం. గిరిజనులందరికీ ఓటు ఇవ్వాలి, శాసనసభల్లో జనాభాను బట్టి సీట్లు రిజర్వు చేయాలి, 1935 నాటి మినహాయింపులు పోవాలి. రెండోది కాపాడటం. భూమి చేతులు మారకుండా చూడాలి, వడ్డీ వ్యాపారికి కళ్లెం వేయాలి. భూమి, గ్రామ నిర్వహణ, సామాజిక ఆచారాల వంటి వాటిలో మైదానాల చట్టం కొండకు పనికొస్తుందో లేదో చెప్పే అధికారం గిరిజనులే ఎక్కువగా ఉండే ఒక సలహా మండలికి ఉండాలి. ఈ మండలే ఉపసంఘం ఆలోచనకు ఇరుసు.

బర్దోలోయ్ ఉపసంఘం ఇంకో మెట్టు పైకి వెళ్లింది. అస్సాం కొండల్లో స్వయంప్రతిపత్తి గల జిల్లా మండళ్లు పెట్టి, భూమి, అడవి, పోడు, వారసత్వం మీద చట్టాలు చేసే హక్కు, సొంత న్యాయస్థానాలు నడిపే హక్కు వాటికే ఇవ్వమంది. అదే ఆరో షెడ్యూలు అయింది. ఖాసీ కొండలకు చట్టం చేసే మండలి వచ్చినప్పుడు అరకు కొండలకు సలహా చెప్పే మండలితో ఎందుకు సరిపెట్టారు? అస్సాం కొండ తెగలు ఒక్కచోట గుంపుగా, సొంత పెద్దరికాలతో, మైదానంతో కలవకుండా ఉన్నాయని, మిగతా చోట్ల గిరిజనులు ఇతరులతో కలిసిపోయి ఉన్నారని అప్పటి సమాధానం. దేశం మొత్తానికి అది కొంతవరకు నిజం. విశాఖ ఏజెన్సీ లోపలి కొండల్లో మాత్రం అత్యధికులు గిరిజనులే. మన్యం సంగతి విడిగా తూచి చూసినవాళ్లు లేరు. చూడమని అడిగే మనిషి సభలో లేడు.

1948 ముసాయిదా ఇచ్చిన మాట

1948 ఫిబ్రవరిలో ముసాయిదా సంఘం రాజ్యాంగ ముసాయిదాను బయటపెట్టింది. అందులోని ఐదో షెడ్యూలును ఇవాళ చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఇప్పుడున్నదానికన్నా చాలా గట్టిది.

ఆ ముసాయిదాలో గిరిజన సలహా మండలికి 10కి తగ్గకుండా, 25కి మించకుండా సభ్యులు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది శాసనసభలోని గిరిజన ప్రతినిధులు. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలనకు సంబంధించిన అన్ని విషయాల మీదా ప్రభుత్వానికి సలహా చెప్పడం వాళ్ల పని. పెళ్లి, వారసత్వం, తెగ ఆచారాలు, రిజర్వు అడవి కాని భూమి, గ్రామ పాలన – ఈ ఐదు రంగాల్లోని ఏ చట్టమైనా మన ప్రాంతానికి వద్దు అని మండలి చెబితే, గవర్నరు ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చి తీరాలి. వినడమా మానడమా అన్నది ఆయన ఇష్టం కాదు.

భూమి సంగతైతే ముసాయిదా గవర్నరు దాకా కూడా పోనివ్వలేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడు తన భూమిని గిరిజనేతరుడికి బదలాయించడం చెల్లదని రాజ్యాంగంలోనే రాసేసింది. ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు కేటాయించాలంటే గవర్నరు మండలిని సంప్రదించి చేసిన నియమాల ప్రకారమే జరగాలంది. అంటే భూమికి కాపలా రాజ్యాంగం, చట్టాల వడపోతకు కాపలా మండలి. గవర్నరు చేతిలో కలం ఉంది నిజమే గానీ, ముఖ్యమైన చోట ఆ చేతిని కదిలించేది మండలి.

1949 సెప్టెంబరు 5

ఏడాదిన్నర గడిచింది. 1949 సెప్టెంబరు 5న డాక్టర్ అంబేడ్కర్ సభ ముందు పాత ఐదో షెడ్యూలు స్థానంలో కొత్తదాన్ని పెట్టారు. ఈ రోజు విశాఖ మన్యాన్ని ఏలుతున్నది దాదాపు అదే పాఠం.

కొత్త పాఠంలో కొన్ని మంచి సడలింపులున్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితాను రాజ్యాంగంలో బిగించకుండా రాష్ట్రపతి ఉత్తర్వుకు వదిలారు. షెడ్యూల్డ్ ప్రాంతాలు లేకపోయినా షెడ్యూల్డ్ తెగలున్న రాష్ట్రంలో రాష్ట్రపతి ఆదేశిస్తే మండలి పెట్టవచ్చన్నారు. గవర్నరు కలానికి పదును కూడా పెరిగింది. పార్లమెంటు చేసినా, శాసనసభ చేసినా, ఏ చట్టాన్నైనా కొండప్రాంతానికి వర్తించకుండా ఆపవచ్చు, మార్పులతో వర్తింపజేయవచ్చు. శాంతి, సుపరిపాలన కోసం సొంతంగా రెగ్యులేషన్లు చేయవచ్చు. భూబదలాయింపును నిషేధించవచ్చు, భూకేటాయింపును, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయవచ్చు. రాష్ట్రపతి ఆమోదిస్తే ఆ రెగ్యులేషన్ ఏకంగా పార్లమెంటు చట్టాన్ని కూడా ఆ ప్రాంతం మేరకు రద్దు చేయగలదు. గవర్నర్లకు మామూలుగా లేని అధికారం ఇది.

పోయిందేమిటో కూడా చూడాలి. మండలి సభ్యుల సంఖ్య 20కి మించకూడదు అయింది. గిరిజన ఎమ్మెల్యేలు నాలుగింట మూడొంతులకు వీలైనంత దగ్గరగా ఉంటే చాలు. గవర్నరు తమకు పంపిన విషయాల మీద మాత్రమే మండలి సలహా చెప్పాలి. తనంతట తాను ఒక సంగతి ఎత్తుకుని ప్రభుత్వాన్ని కదిలించే బాధ్యత దానికి అప్పగించలేదు. ఐదు రంగాల్లో ‘వద్దు’ అనే హక్కు పోయింది. రెగ్యులేషన్ చేసే ముందు గవర్నరు మండలిని సంప్రదిస్తే సరి. భూబదలాయింపు మీద నేరుగా ఉన్న నిషేధం కూడా పోయి, గవర్నరు చేయదలిస్తే చేసే రెగ్యులేషన్లలో ఒకటిగా మారింది.

అన్నిటికన్నా లోతైన మార్పు మరొకటుంది. 1935 చట్టంలో కొండ ద్వారం మూసి ఉండేది, గవర్నరు తీస్తేనే చట్టం లోపలికి వచ్చేది. 1949 పాఠంలో ద్వారం తెరిచే ఉంటుంది, గవర్నరు మూస్తేనే చట్టం బయట ఆగుతుంది. ఏ అధికారీ ఏమీ చేయకుండా ఊరుకుంటే 1935లో కొండకు జరిగేది ఒకటి, 1950 తర్వాత జరిగేది దానికి పూర్తిగా ఎదురు.

జైపాల్ సింగ్ ఊరుకోలేదు. మండలిని నిర్వీర్యం చేశారని సభలో తెగేసి చెప్పారు. దాని పరిధి షెడ్యూల్డ్ ప్రాంతాల్లోనే కాక రాష్ట్రంలోని గిరిజనులందరికీ విస్తరించాలని సవరణలు పెట్టారు. గిరిజన ప్రాంతాలను రాష్ట్రాలకు వదలకుండా కేంద్రమే చూసుకోవాలని పట్టుబట్టిన సభ్యులూ ఉన్నారు. ప్రభుత్వ పక్షం మాత్రం కదల్లేదు. ఎన్నికైన మంత్రివర్గం ఉండగా దాన్ని పక్కనబెట్టే మరో అధికార కేంద్రాన్ని పెట్టడం ఎవరికీ రుచించలేదు. కొత్తగా పుట్టిన దేశం, అప్పుడే జరిగిన విభజన, బలమైన ప్రభుత్వాలు కావాలన్న తపన – ఆ నేపథ్యంలో ఆ జంకు అర్థం చేసుకోదగ్గదే. ఆ షెడ్యూలు నెగ్గింది. వెంటనే ఆరో షెడ్యూలు చర్చకు వచ్చింది.

పార్లమెంటరీ పద్ధతిలో గవర్నరంటే సాధారణంగా మంత్రివర్గమే. కాబట్టి కలం పేరుకు రాజభవన్‌లో, చేతకు సచివాలయంలో ఉంటుంది. మంత్రుల బారినుంచే రక్షణ కావాలని 1946లో అన్న మనిషి 1949లో ఓడిపోయింది అక్కడే.

కొండకు చేరిన కాగితం

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి రాగానే 244వ అధికరణం, దాని వెంట ఐదో షెడ్యూలు వచ్చాయి. రాష్ట్రపతి ఉత్తర్వుతో విశాఖ, తూర్పు గోదావరి ఏజెన్సీలు షెడ్యూల్డ్ ప్రాంతాలయ్యాయి. అదే ఏడాది చివర్లో హైదరాబాదు రాజ్యం వంతు వచ్చింది. అక్కడి కథ వేరే దారిలో నడిచింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం కూలిపోయాక నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. ఆయన అధ్యయనాల ఫలితంగా గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు అప్పటికే పుట్టాయి.

మన్యానికి మొదటి మార్పు ఓటు రూపంలో అందింది. 1952లో విశాఖపట్నం లోక్‌సభ స్థానం నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యారు, ఇద్దరూ స్వతంత్రులే. ఒకరు లంకా సుందరం. రెండోవారు గాం మల్లుదొర. సీతారామరాజు దళంలో గంటందొరతో పాటు ముందు నడిచిన వాడు, పట్టుబడి అండమాన్ జైలు చూసివచ్చినవాడు. 1922లో పోలీసు తుపాకులు ఎత్తుకెళ్లిన దళం మనిషి ముప్పై ఏళ్లకు పార్లమెంటు మెట్లెక్కాడు. సార్వత్రిక ఓటు కోసం ఠక్కర్ బాపా ఉపసంఘం పట్టిన పట్టు ఊరికే పోలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

భూమి విషయంలో మాత్రం కలం తాపీగా కదిలింది. రాజ్యాంగం వచ్చిన తొమ్మిదేళ్లకు, 1959లో, భూబదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. అప్పటిదాకా దిక్కు 1917 చట్టమే. కొత్త రెగ్యులేషన్‌లోనూ సందుంది. ఏజెంటు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గిరిజనేతరుడు కొనవచ్చు. అప్పటికే గిరిజనేతరుల చేతుల్లో ఉన్న భూములు వాళ్లలో వాళ్లు అమ్ముకోవచ్చు. కొండపల్లెల మీద శిస్తు పెత్తనాన్ని ముఠాదార్ల చేతికిచ్చిన ముఠాదారీ వ్యవస్థ కూడా 1969 దాకా రద్దు కాలేదు.

1967 అక్టోబరు 31న శ్రీకాకుళం ఏజెన్సీలోని లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలయ్యారు. ఆ తర్వాత కొండలు అంటుకున్నాయి. ఆ పోరాటం నడుస్తుండగానే 1970 ఫిబ్రవరి 3న ఆ సంవత్సరపు ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. ఇవాళ పాడేరు సంతలో కూరగాయలమ్మే ఆమెకు కూడా తెలిసిన ‘1/70’ అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఎవరి చేతిలో భూమి ఉన్నా, అమ్మేది గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప కుదరదు. గిరిజనేతరుడి దగ్గరున్న భూమి మొదట గిరిజనుడిదేనని కోర్టు అనుకోవాలి. కాదని నిరూపించే బరువు ఆ పట్టుకున్నవాడిదే. దీన్ని సవాలు చేస్తే 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు రెగ్యులేషన్‌నే నిలబెట్టింది. 1948 ముసాయిదా రాజ్యాంగంలోనే రాయదలచిన నిషేధం ఇలా 22 ఏళ్లు ఆలస్యంగా, మరింత బలంగా, గవర్నరు సంతకంతో వచ్చింది. కలం రాయగలదని అప్పుడు రుజువైంది. ఎవరు, ఎప్పుడు రాయించగలరన్నది మాత్రం షెడ్యూలులో ఎక్కడా లేదు.

బొర్రాలో మళ్లీ లేచిన ముసాయిదా

అరకు వెళ్లే రైలు బొర్రా గుహల దగ్గర ఆగుతుంది. ప్రయాణికులు గుహల్లోని సున్నపురాయి ఆకారాలు చూసి వస్తారు. ఆ చుట్టుపక్కల అనంతగిరి మండలం పల్లెల కింద కాల్సైట్, మైకా ఉన్నాయి. ప్రభుత్వం అక్కడి భూముల్లో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులిచ్చింది. ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ప్రశ్న వినడానికి చిన్నది. 1/70 ప్రకారం ‘ఏ వ్యక్తీ’ గిరిజనేతరుడికి భూమి బదలాయించకూడదు. ఆ వ్యక్తుల్లో ప్రభుత్వం ఉందా, లేదా? ప్రభుత్వ భూమికి 1/70 వర్తించదని రాష్ట్రం వాదన. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్, ప్రభుత్వం కూడా ఆ మాటలోకి వస్తుందన్నారు. జస్టిస్ జి.బి. పట్నాయక్ ఒప్పుకోలేదు, ప్రభుత్వాన్ని వ్యక్తిగా చదవడం కుదరదన్నారు. మెజారిటీ తీర్పుతో ప్రైవేటు లీజులు చెల్లకుండా పోయాయి. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ, గిరిజన సహకార సంఘాలు మాత్రం తవ్వవచ్చని, తవ్వితే లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలని కోర్టు చెప్పింది.

ఈ తీర్పులో మన కథకు పనికొచ్చే ముడి ఒకటుంది. మెజారిటీ న్యాయమూర్తులు పాత ముసాయిదాను బయటికి తీశారు. ప్రభుత్వ భూమిని నియమాల ప్రకారం గిరిజనేతరులకు కేటాయించవచ్చన్న వాక్యం 1948లో ఉంది, 1949లో లేదు. దాన్ని తీసేశారంటే ఆ వీలు ఉండకూడదనే రాజ్యాంగ నిర్మాతలు అనుకున్నారని వాళ్లు చదివారు. నిజానికి ఆ వాక్యంతో పాటు బదలాయింపు నిషేధం కూడా పోయింది. ఆ రెండిటినీ కలిపి చూసి, గవర్నరుకు విశాలమైన అధికారం ఇవ్వడానికే ఆ మార్పు అని చదవడానికీ వీలుంది. 1949 సెప్టెంబరులో సభ తేల్చకుండా దాటేసిన చోటును 48 ఏళ్ల తర్వాత కోర్టు పూడ్చాల్సి వచ్చింది. అదీ ఒక్క ఓటు తేడాతో.

తీర్పు మిగిల్చిన సందు చిన్నదేం కాదు. ప్రభుత్వ సంస్థ తవ్వవచ్చు కదా అని తర్వాత ప్రభుత్వాలు గాలికొండ, రక్తకొండ, జెర్రెల బాక్సైట్ మీద కన్నేశాయి. ఆ నిల్వలు ఖనిజాభివృద్ధి సంస్థ పేరుతో తవ్వించే ప్రయత్నాలు ఏజెన్సీని ఏళ్ల తరబడి ఉద్యమాల్లోకి దింపాయి.

కలానికి గీసిన గీత

2000 జనవరి 10న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3వ నంబరు జీవో ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. కారణం ఏజెన్సీలో ఎవరినడిగినా చెబుతారు. మైదానం నుంచి వచ్చిన మాస్టారు వారంలో సగం రోజులు కొండ దిగే ఉంటాడు, పిల్లల భాష అతనికి రాదు. జీవోకు ఆధారం గవర్నరుకు ఐదో షెడ్యూలు ఇచ్చిన అధికారం.

2020 ఏప్రిల్ 22న చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధం అంది. చట్టాన్ని ఆపడానికి, మార్చి వర్తింపజేయడానికి ఇచ్చిన అధికారంతో గవర్నరు కొత్త చట్టం చేయలేడని, ప్రాథమిక హక్కులను దాటలేడని గీత గీసింది. ఏజెన్సీలో నిరుద్యోగ టీచర్లు రోడ్డెక్కారు. అప్పటి నుంచి ప్రతి ఎన్నికలో అదొక హామీ.

1839లో ఏజెంటుకు, 1935లో గవర్నరుకు, 1950లో మళ్లీ గవర్నరుకు, ఆయన వెనకున్న మంత్రివర్గానికి. విశాఖ మన్యం మీద కలం పట్టుకునే చేయి ఎప్పుడూ కొండ కిందే ఉంది. రాజ్యాంగ నిర్మాతలు ఆ కలాన్ని విరగ్గొట్టలేదు సరికదా, పార్లమెంటు చట్టాన్ని కొట్టేసేంత పదును పెట్టారు. 1/70 ఆ పదునుకు ఫలం. దాన్ని తక్కువ చేయలేం. అది లేకపోతే అరకులో ఇవాళ గిరిజనుడి పేరున ఎంత నేల మిగిలేదో ఊహించుకోవచ్చు. కానీ గవర్నరు ఊరుకుంటే అడగడానికి మండలికి హక్కు లేదు, మంత్రివర్గం వద్దంటే ఎదురు చెప్పడానికి మండలికి బలం లేదు. ఆ రెండూ ఒకప్పుడు కాగితం మీద ఉన్నాయి. ఠక్కర్ బాపా ఉపసంఘం రాసింది, ముసాయిదా సంఘం అచ్చు వేసింది. 1949 సెప్టెంబరు 5న సభ తీసేసింది. అప్పటి నుంచి మన్యం తన మాట వినిపించాలంటే దళం కట్టాలి, ధర్నా చేయాలి, లేదా సుప్రీంకోర్టుకెక్కాలి. షెడ్యూలు లోపల తలుపు తట్టడానికి చోటు లేదు.

ఆ చోటును గవర్నరు దగ్గరో సచివాలయంలోనో కాక గ్రామసభలో వెతికిన ప్రయత్నం 1996లో జరిగింది. దిలీప్ సింగ్ భూరియా సంఘం నివేదిక నుంచి పెసా చట్టం ఎలా పుట్టింది, మన రాష్ట్రం దాని నియమాలు రాయడానికి 2011 దాకా ఎందుకు ఆగింది, సంత మీదా, చిన్న ఖనిజాల మీదా, తునికాకు మీదా గ్రామసభకు నిజంగా దక్కిందెంత – ఇదంతా వచ్చే సంచికలో.